సూర్యుడు, సగం చందమామ

గిట్లాంటి ఎలక్షన్ ఒకటుంటదని
మా ఇంట్ల ఎవలకూ తెల్వదు.
"ఎమ్మెల్యేనా?" అన్నది అమ్మ.
కాదు.
"కార్పొరేటరా?"
కాదమ్మా, ఫార్మసీ కౌన్సిల్ మెంబరు.
"మరి నల్లా నీళ్లు తెస్తదా?"
తేదు.
అమ్మ చిక్కుడుకాయ ఈనె తీసుకుంట
"గట్లైతే నీకెందుకు బిడ్డా" అన్నది.

జెండా లేదు, మైకు లేదు, బిర్యానీ పొట్లం లేదు.
ఆదివారం పొద్దుగాల
నేను, గుండేటి పుష్పలీల, ఆమె తమ్ముని స్కూటీ.
కోఠి దుకాణాల షట్టర్లు సగం లేస్తుంటే
వంగి, తల లోపలికి పెట్టి ఓట్లడిగినం.
చాలామందికి ఓటున్నదనే తెల్వదు.
సుల్తాన్ బజార్ల ఒక పెద్దమనిషి
కరపత్రం తిప్పి తిప్పి చూసి
వెనుక తెల్లగున్నదని
దాని మీద గోలీల లెక్క రాసుకున్నడు.
పుష్పలీల నవ్వింది:
"పోనీ, జేబులనైతే ఉంటది."

బోరబండ బస్తీ దవాఖానల
ఆమె కిటికీ చిన్నది, చెయ్యి పట్టేంత.
చదువు రానోళ్ల కవర్ల మీద
నీలి పెన్నుతోని సూర్యుణ్ని గీస్తది,
పక్కన సగం చందమామ.
సూర్యుని కింద పళ్లెం ఉంటే తిన్నంక,
ఉత్త సూర్యుడైతే పరిగడుపున.
పదకొండేండ్ల సంది
ఆ సూర్యుళ్లు బస్తీల
దిండ్ల కింద, టీవీల మీద,
బియ్యం డబ్బాలల్ల ఉదయిస్తున్నరు.

ఆమె కరపత్రంల ఒక్కటే మాట:
గోడకు సర్టిఫికెట్ వేలాడితే
దాని కింద మనిషి ఉండాలె.

ఆ మాట నేనే అచ్చుకిచ్చిన.
చిక్కడపల్లి ప్రెస్సుల నిలబడి
వేలాడితే-ల దీర్ఘం సరిచేసిన.
ఒక్కటి మాత్రం ఎవలకూ చెప్పలే.
నా సర్టిఫికెట్ మూసాపేటల
ఒక మెడికల్ షాపు గోడకు
వేలాడబట్టి ఆరేండ్లు.
నేనేమో మియాపూర్ నుంచి ఉప్పల్ దాంక
కొరియర్ బ్యాగు మోస్త.
నెలనెలా అయిదో తారీఖు ఫోన్ టింగుమంటది,
నాలుగువేల అయిదునూర్లు.
అమ్మ షుగరు గోలీలు అండ్లకెల్లే.

చివరి వారం, ఇరానీ హోటల్ల
ఉస్మానియా చాయ్‌ల ముంచుతుంటే
పర్సుల నుంచి ఒక బిల్లు తీసింది.
"మా బస్తీ యాదమ్మవ్వది.
బీపీ గోలికి బదులు ఇంకోటిచ్చిండు షాపు పిలగాడు.
రెండు దినాలు కండ్లు తిరిగి పడ్డది.
ఇప్పుడు బాగనే ఉన్నది."
బిల్లు అడుగున ముద్ర.
ముద్రల నా నంబరు.
బిస్కెట్ విరిగి చాయ్‌ల మునిగింది.
చెంచతోని తీసి సాసర్ల పెట్టింది, నా తరఫున.

తిట్టలే.
"ఓటు ఎవలకన్న వెయ్యి ఐలేషూ.
ఒక్కపారి పోయి
నీ ఫోటో కింద నిలబడు."

ఓటు ఆమెకే వేసిన.
అది అల్కటి పని.

లెక్కపెట్టిన నాడు
ఆరుగురు గెలిచిన్రు. ఆమె ఏడో పేరు.
పందొమ్మిది ఓట్లు తక్కువ.
సుల్తాన్ బజార్ పెద్దమనిషి ఫోన్ చేసి
"నేనైతే వేసిన బిడ్డా" అన్నడట.
తెల్లారి ఎనిమిదిన్నరకు
బోరబండల కిటికీ తెరుచుకున్నది.

నేను మూసాపేటకు పోయిన.
ఫోటోల నాకింక మీసం సరిగ రాలే.
"ఏందన్నా, పైసలు రాలేదా?" అన్నడు ఓనరు.
వచ్చినయి. జర పక్కకు జరుగు.
అయిదో తారీఖు గురించి
అమ్మ ఇంక అడగలే. అడుగుతది.

ఒక తాత వచ్చి చీటీ చాపిండు.
రెండుసార్లు చదివిన,
మూడోసారి వేలు పెట్టి చదివిన.
కవరు మీద సూర్యుణ్ని గీసిన.
తాత దూరం పెట్టి చూసి
"గిదేంది బిడ్డా, సాలెపురుగా?" అన్నడు.

కాదు తాతా, అని
కిరణాలు తక్కువ చేసి
మళ్ల గీసిన.